యూరిన్ పైపు ఉంచాలా, తీసేయాలా, వేరేది పెట్టాలా: ఎవరికి ఏది సరిపోతుందో చూద్దాం

పేషెంట్ ఇంటికొచ్చేస్తాడు, మంచం పక్కన యూరిన్ బ్యాగ్ వేలాడుతుంటుంది, డిశ్చార్జ్ కాగితంలో మందులన్నీ వరసగా రాసి ఉంటాయి కానీ ఆ పైపు ఎందుకు వేశారు, ఎప్పుడు తీయాలి అన్న రెండు ముక్కలు మాత్రం చాలాసార్లు ఉండవు. నేను ఇళ్ళకెళ్ళి పైపులు మార్చే నర్సుని, అంతకుముందు చాలా ఏళ్ళు వార్డులో చేశా. వెళ్ళిన చోటల్లా ఒకటే మాట, "సిస్టర్, ఇది ఇక జీవితాంతం ఉండాల్సిందేనా, వేరే దారి లేదా?" అని. ఉందండీ, చాలామందికి ఉంది. కాకపోతే ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చేది డబ్బా మీద రాసిన గొప్పలు కాదు, పేషెంట్ బ్లాడర్ ఏం చేస్తోంది, అతని చేతులు ఎలా ఉన్నాయి, పక్కన ఎవరున్నారు అన్నవి.

అన్నిటికంటే ముందు: రావట్లేదా, ఆగట్లేదా?

ఈ ఒక్క ప్రశ్నతో సగం లిస్టు కొట్టేయొచ్చు. యూరిన్ లోపల నిండిపోయి బయటికి రావట్లేదంటే దాన్ని బయటికి తీసే పైపు ఏదో ఒకటి కావాల్సిందే. వచ్చేస్తోంది కానీ ఆపుకోలేకపోతున్నారంటే లోపలికి పైపు పెట్టాల్సిన పని మామూలుగా లేదు, బయట పట్టుకునే ఏర్పాటు చాలు.

ఇక్కడే ఒక మోసం ఉంది, చాలామంది పడిపోతారు. పెద్దాయనకి రోజంతా చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది, ఇంట్లోవాళ్ళు "కంట్రోల్ పోయింది" అనుకుని డైపర్ వేస్తారు. నిజానికి బ్లాడర్ అంచుదాకా నిండిపోయి, పట్టక, పైనుంచి పొర్లుతోంది. నిండిన బిందె కిందికి గుడ్డ పరిచినట్టు, ఎన్ని డైపర్లు మారిస్తే మాత్రం ఏం లాభం, వెనక్కి ఒత్తిడి పడి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది. బొడ్డు కింద పొట్ట గట్టిగా ఉబ్బినట్టు ఉన్నా, పోసిన వెంటనే మళ్ళీ వచ్చేలా ఉన్నా, పోశాక లోపల ఎంత మిగిలిందో స్కానింగ్‌లో చూపించుకోండి. రెండు నిమిషాల పని. పెద్దవాళ్ళ బ్లాడర్ మామూలుగా 400, 500 మి.లీ. పడుతుంది, ఆగిపోయినవాళ్ళకి పైపు వేస్తే లీటరు దాకా రావడం నేనే చూశా.

అది తేలాక చూడాల్సినవి ఇంకో నాలుగు. ఎన్నాళ్ళకి కావాలి, వారమా, నెలలా, ఎప్పటికీనా. పేషెంట్‌కి చేతులు ఆడతాయా, మతి నిలకడగా ఉందా. రోజుకి ఎన్నిసార్లు పక్కన మనిషి ఉండగలరు. నడుము కింద చర్మం ఎలా ఉంది, బెడ్ సోర్స్ ఉన్నాయా. ఇన్ఫెక్షన్ సంగతి వేరే చెప్పక్కర్లేదు, లోపల ఉండే ఏ పైపుకైనా ఆ లెక్క ఉంటుంది.

| | ఎవరి సమస్యకి | లోపల ఎంతసేపు | చేయాల్సిన పని | పెద్ద చిక్కు |
|---|---|---|---|---|
| ఫోలీ పైపు | రావట్లేదు | రోజంతా | బ్యాగ్ ఖాళీ చేయడం, శుభ్రం | ఇన్ఫెక్షన్, మూసుకుపోవడం, లాగేసుకోవడం |
| సీఐసీ (అవసరమైనప్పుడే పెట్టి తీసేసే పైపు) | రావట్లేదు | ఒక్కోసారి కొన్ని నిమిషాలు | రోజుకి 4 నుంచి 6 సార్లు | చేతులు, ఓపిక, టైము |
| పొట్ట పైపు | రావట్లేదు, ఎక్కువకాలం | రోజంతా | ఫోలీ లాగే, పొట్ట మీద రంధ్రం శుభ్రం | పెట్టడానికి చిన్న ఆపరేషన్ |
| కండోమ్ కాథెటర్ (కండోమ్‌లా బయట తొడిగి బ్యాగ్‌కి కలిపేది) | ఆగట్లేదు, మగవాళ్ళకే | లోపలికి వెళ్ళదు | రోజూ మార్చడం | ఊడిపోవడం, చర్మం |
| డైపర్, ప్యాడ్ | ఆగట్లేదు | లోపలికి వెళ్ళదు | రోజుకి చాలాసార్లు | చర్మం, మనిషి అవసరం |

ఫోలీ పైపు

అందరూ "యూరిన్ పైపు" అనేది దీన్నే. చివర చిన్న బెలూన్ ఉంటుంది, లోపలికి వెళ్ళాక అందులో మామూలుగా 10 మి.లీ. స్టెరైల్ వాటర్ ఎక్కిస్తే ఉబ్బి జారిపోకుండా పట్టుకుంటుంది. సెలైన్ ఎందుకు వాడరంటే ఉప్పు గడ్డకట్టి ఆ సన్నని దారి మూసుకుపోతే తీసేటప్పుడు బెలూన్ ఖాళీ అవ్వదు. సైజులు ఫ్రెంచ్ స్కేలులో ఉంటాయి, సైజు నంబర్‌ని 3తో భాగిస్తే పైపు మందం మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే 16 సైజు పైపు దాదాపు 5.3 మి.మీ. పెద్దవాళ్ళకి 14 లేదా 16 చాలు. చివర రంగు చూసినా తెలిసిపోతుంది, ఆకుపచ్చ 14, ఆరెంజ్ 16, ఎరుపు 18.

ఫోలీ గొప్పతనం ఏంటంటే పెట్టేసి వదిలేయొచ్చు, రాత్రి అందరూ పడుకోవచ్చు. అదే దాని శాపం కూడా, ఎందుకంటే సులువుగా ఉంది కదా అని ఎవరూ తీయరు. లోపల ఉన్న ప్రతి రోజుకీ యూరిన్‌లో బ్యాక్టీరియా చేరే అవకాశం సుమారు 3 నుంచి 7 శాతం పెరుగుతుందని లెక్క, నెల తిరిగేసరికి దాదాపు అందరికీ చేరిపోతుంది. చేరడం వేరు, జబ్బు చేయడం వేరు, ఇది గుర్తుంచుకోండి. యూరిన్ కాస్త మబ్బుగా ఉంది, వాసనొస్తోంది అని టెస్టుకి పంపడం, రిపోర్టులో బ్యాక్టీరియా ఉంది అని యాంటీబయాటిక్ మింగించడం, జ్వరం చలి నొప్పి కొత్తగా మగత ఏమీ లేకుండా ఇదంతా చేస్తే చివరికి అసలు జబ్బు చేసినరోజు ఏ మందూ పనిచేయదు.

లీకేజీ గురించి ఒక ఇంటి సంగతి చెప్తా. ఆయనకి పైపు పక్కనుంచి యూరిన్ కారుతోంది. పైపు చిన్నదైందని 16 తీసి 18 వేశారు, కారింది, 20 వేశారు, కారింది, నేను వెళ్ళేసరికి 22 వేసి ఉంది, ఆయన పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాడు. పొట్ట మీద చెయ్యి వేసి చూస్తే ఎడమవైపంతా రాళ్ళలా గట్టిగా ఉంది. మోషన్ ఎప్పుడయింది అని అడిగితే వాళ్ళావిడ వేళ్ళు లెక్కబెట్టుకుని ఎనిమిది రోజులంది. డాక్టర్‌తో మాట్లాడి ఎనీమా ఇచ్చాం, తర్వాత పైపు మళ్ళీ 16కి దించాం, ఆ రాత్రి నుంచే కారడం ఆగింది. లోపల మలం గట్టిపడి బ్లాడర్‌ని నొక్కుతుంది, పెద్ద పైపు, పెద్ద బెలూన్ బ్లాడర్‌ని ఇంకా రెచ్చగొడతాయి, అది బిగుసుకున్నప్పుడల్లా యూరిన్ పక్కనుంచి తన్నుకొస్తుంది. కాబట్టి లీకేజీ అనగానే పెద్ద సైజు అడక్కండి, ముందు మలబద్ధకం చూడండి, పైపు తొడ కింద మడత పడిందేమో చూడండి.

బ్యాగ్ ఎప్పుడూ బ్లాడర్ కంటే కిందే ఉండాలి, నేలని తాకకూడదు, సగం దాటాక ఖాళీ చేసేయాలి, పైపుని తొడకి అతికించి ఉంచాలి. బ్యాగ్, పైపు కలిసే చోట ఊరికే ఊరికే విప్పొద్దు. లేటెక్స్ పైపు తక్కువ రోజులకే, పూర్తి సిలికాన్ అయితే 12 వారాల దాకా ఉంచుతారు, కొంతమందికి లోపల సున్నంలా పేరుకుని అంతకంటే ముందే మూసుకుపోతుంది, వాళ్ళకి మార్చే గడువు వాళ్ళని బట్టే పెట్టుకోవాలి. అన్నట్టు బ్యాగ్ ఊదారంగుకి తిరిగితే కంగారుపడి ఫోన్లు చేస్తుంటారు. కొన్ని రకాల బ్యాక్టీరియా వల్ల నీలం ఎరుపు రంగు పదార్థాలు తయారై ప్లాస్టిక్‌కి పట్టేస్తాయి, మలబద్ధకం ఉన్న పెద్ద వయసు ఆడవాళ్ళలో ఎక్కువ కనిపిస్తుంది. చూడ్డానికి భయంకరం, పేషెంట్ బాగుంటే మాత్రం అంత ఎమర్జెన్సీ కాదు, డాక్టర్‌కి చెప్పి మలబద్ధకం సంగతి చూసి పైపు, బ్యాగ్ మార్చుకుంటే సరిపోతుంది.

చేతులు బాగుండి, బ్లాడర్ కొంత పట్టగలిగేవాళ్ళకి బ్యాగ్ బదులు పైపు చివర వాల్వ్ పెట్టుకునే వీలుంది. నిండినప్పుడు టాయిలెట్‌కెళ్ళి తిప్పుకుంటే పోతుంది. దీన్ని ఎవరూ చెప్పరెందుకో, తిరిగే మనిషికి ఎంత హాయో.

సీఐసీ: అవసరమైనప్పుడే పెట్టి తీసేయడం

బెలూన్ లేని సన్న పైపు, పెట్టడం, ఖాళీ చేయడం, తీసేయడం. పేషెంటే చేసుకోవచ్చు, ఇంట్లోవాళ్ళు చేయొచ్చు. వినగానే అందరి మొహం మాడిపోతుంది, "రోజుకి ఐదుసార్లా!" అని. నా ఓటు మాత్రం, రావట్లేదు అన్న సమస్య ఎక్కువకాలం ఉండేవాళ్ళకి, చేతులు ఆడితే, ముందు దీనికే.

1972లో అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్ట్ ఈ పద్ధతి ప్రచురించినప్పుడు గ్లోవ్స్ లేకుండా, చేతులు సబ్బుతో కడుక్కుని పెట్టుకుంటే చాలన్నాడు. అంతకుముందు స్టెరైల్ గా తప్ప పైపు ముట్టుకోకూడదనేవాళ్ళు. ఆయన లెక్క ఏంటంటే బ్లాడర్ మితిమీరి నిండి సాగిపోతే దాని గోడలకి రక్తం సరిగ్గా అందదు, అప్పుడే బ్యాక్టీరియా గెలుస్తుంది, టైముకి ఖాళీ చేస్తుంటే కొద్దిపాటి బ్యాక్టీరియా వెళ్ళినా శరీరం చూసుకుంటుంది అని. అందుకే ఇందులో శుభ్రత ఎంత ముఖ్యమో టైము అంతకంటే ముఖ్యం. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి, ఒక్కోసారి 400, 500 మి.లీ. దాటకుండా. దాటుతోందంటే ఇంకోసారి కలపాలి, లేదా సాయంత్రం తాగే నీళ్ళు కొంచెం పొద్దుటికి జరపాలి.

మగవాళ్ళకి దారి పొడుగు, దాదాపు 20 సెం.మీ., జెల్లీ ధారాళంగా వాడాలి, ప్రోస్టేట్ దగ్గర అడ్డు తగిలితే తోసేయకుండా ఊపిరి వదులుతూ ఒక్క క్షణం ఆగితే వదులవుతుంది. ఆడవాళ్ళకి 4 సెం.మీ. మాత్రమే, కానీ రంధ్రం కనపడదు కాబట్టి మొదట్లో అద్దం పెట్టుకుని నేర్చుకుంటారు, నాలుగు రోజులయ్యాక తడిమి చూసే పెట్టేసుకుంటారు. ఒకామె మొదటిరోజు నా ముందు ముప్పావుగంట ఏడ్చింది, పొరపాటున వేరే దారిలోకి వెళ్ళిపోతే అని భయం. వెళ్తే యూరిన్ రాదు అంతే, ఆ పైపు అక్కడే గుర్తుగా వదిలేసి కొత్తది కాస్త పైన పెట్టుకోవాలి అని చెప్పా. మూడో వారంలో వెళ్తే నేను కూర్చుని కబుర్లు చెప్తుండగానే లేచెళ్ళి పని చూసుకుని వచ్చేసింది. స్కూలుకెళ్ళే పిల్లలు కూడా సొంతంగా నేర్చుకుంటారు ఇది.

ఎవరికి కుదరదు? చేతులు వణికేవాళ్ళు, మతిమరుపు ఉన్నవాళ్ళు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని మంచాన పడ్డవాళ్ళు, దారి సన్నబడి పైపు ఎక్కనివాళ్ళు. వాడిన పైపుని కడిగి మళ్ళీ వాడొచ్చా అని తప్పకుండా అడుగుతారు, ఒక్కసారికే అని రాసి ఉంటే ఒక్కసారికే, వేరేలా చేయాలంటే మీ యూరాలజిస్ట్‌ని అడిగే చేయండి.

పొట్ట పైపు

బొడ్డు కింద, ఎముకకి కాస్త పైన చిన్న రంధ్రం చేసి నేరుగా బ్లాడర్‌లోకి పెట్టే పైపు, డాక్టర్లు ఎస్పీసీ అంటారు. దారి సన్నబడిపోయినవాళ్ళకి, యాక్సిడెంట్లో మూత్రనాళం తెగినవాళ్ళకి ఇదే దిక్కు. వీల్‌చైర్‌లో కూర్చునేవాళ్ళకి కింద పైపు నలగదు, దాంపత్య జీవితానికి అడ్డు తక్కువ, మార్చడం కూడా సులువే. ఎక్కువకాలం పైపు తప్పదు, సీఐసీ కుదరదు అని తేలిపోతే ఫోలీతో ఏళ్ళ తరబడి మూత్రనాళాన్ని పుండు చేసుకోవడం కంటే దీని గురించి అడగండి.

కానీ దీనితో ఇన్ఫెక్షన్ పోతుందనుకోకండి, బ్లాడర్‌లో పైపు ఉన్నంతకాలం బ్యాక్టీరియా, రాళ్ళు, మూసుకుపోవడం అన్నీ ఉంటాయి. కొందరికి కింద నుంచి కూడా కాస్త కారుతుంది. పెట్టేటప్పుడు పేగుకి తగిలే ప్రమాదం చిన్నదే కానీ ఉంది, పొత్తికడుపు ఆపరేషన్ అయినవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు, బ్లాడర్‌లో కాన్సర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. మొదటి మార్పు హాస్పిటల్లోనే, కొన్ని వారాలకి. ఎప్పుడైనా ఊడి వచ్చిందంటే రేపు చూద్దాం అనుకోవద్దు, ఆ రంధ్రం గంటల్లోనే మూసుకుపోవడం మొదలుపెడుతుంది.

కండోమ్ కాథెటర్

ఆగట్లేదు కానీ బాగానే ఖాళీ అవుతోంది అన్న మగవాళ్ళకి చాలా మంచిది, సగం మందికి ఇది ఉందని కూడా తెలీదు. లోపలికి ఏదీ వెళ్ళదు, మతి బాగున్నవాళ్ళకి ఫోలీ కంటే ఇన్ఫెక్షన్ ప్రమాదం తక్కువ. మతి లేనివాళ్ళు పీకేసుకుంటుంటారు, వాళ్ళలో ఆ లాభం అంతగా కనపడదు.

ఊడిపోతోంది అనే కంప్లయింట్‌కి కారణం నూటికి తొంభై పాళ్ళు సైజే. ప్యాకెట్‌తో వచ్చే కాగితం స్కేలుతో కొలిచి తీసుకోవాలి, మొహమాటంతో పెద్దది కొంటారు, జారిపోతుంది, జారిపోతోందని రబ్బర్ బ్యాండో ప్లాస్టరో చుట్టూ బిగిస్తారు. అది మాత్రం చేయొద్దు, రక్తం ఆగి చర్మం నల్లబడిన కేసు చూశా. వెంట్రుకలు కత్తిరించి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, చివర ఒకటి రెండు సెం.మీ. ఖాళీ వదిలి తొడగాలి. రోజూ తీసి చర్మం చూసుకోవాలి. అంగం లోపలికి ముడుచుకుపోయినవాళ్ళకి ఇది నిలవదు, బలవంతం చేసి లాభం లేదు.

ఆడవాళ్ళకి బయట పెట్టి సన్నగా పీల్చే పరికరాలు ఉన్నాయి, అన్నిచోట్లా దొరకవు.

డైపర్

దీని గురించి పెద్దగా చెప్పేది లేదు, మార్చే మనిషి ఉంటే మంచిది, లేకపోతే మంచిది కాదు. తడి తగలకుండా క్రీము రాయడం, తుడిచేటప్పుడు రుద్దకుండా అద్దడం. పెద్ద బెడ్ సోర్ ఉండి యూరిన్ దాని మీదికే పోతుంటే మాత్రం అది మానేదాకా కొన్నాళ్ళు ఫోలీ పెట్టుకోవడం సబబే.

మీరు వీళ్ళలో ఎవరో చూసుకోండి

ప్రోస్టేట్ వాచి ఒక్కసారిగా ఆగిపోయి పైపు వేయించుకున్నవాళ్ళు: ఇది ఎప్పటికీ అనుకోవద్దు. టామ్సులోసిన్ లాంటి మాత్ర రెండు మూడు రోజులు వాడాక పైపు తీసి చూస్తారు, చాలామందికి వచ్చేస్తుంది. ఆ మాత్రతో లేచి నిలబడేటప్పుడు కళ్ళు తిరగొచ్చు, నెమ్మదిగా లేవాలి.

వెన్నుపూస దెబ్బతిన్న కుర్రాళ్ళు, చేతులు బాగున్నవాళ్ళు: సీఐసీ నేర్చుకోండి. చేతులు కూడా ఆడకపోతే పొట్ట పైపు. ఛాతీ మధ్య కంటే పైన దెబ్బ తగిలినవాళ్ళకి ఒక హెచ్చరిక, ఉన్నట్టుండి తల పగిలే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు, బీపీ పెరిగిపోవడం అంటే ముందు పైపు మూసుకుపోయిందేమో చూడండి. కూర్చోబెట్టి, మడత సరిచేయండి, రాకపోతే వెంటనే హాస్పిటల్‌కి.

మతిమరుపు ఉన్న పెద్దవాళ్ళు: బెలూన్ ఉబ్బి ఉండగానే ఫోలీ లాగేసుకుంటారు, రక్తం కారిపోతుంది. ఖాళీ అవుతున్నంతవరకు డైపర్, రెండు మూడు గంటలకోసారి టాయిలెట్‌కి తీసుకెళ్ళడం, ఇవే. ఫోలీ తప్పకపోతే పైపు బట్టల లోపల కనపడకుండా, చేతికి అందకుండా అమర్చాలి.

చూసుకునే మనిషి ఒక్కరే ఉన్న ఇళ్ళు: మీ నిద్ర కోసం ఫోలీ పెట్టడం తప్పు అని పుస్తకాలంటాయి, నేను అంత తేలిగ్గా అనలేను, మీరు పడిపోతే పేషెంట్‌ని ఎవరు చూస్తారు. కానీ రోజంతా ఒకటే ఉండాలన్న రూలేం లేదు కదా. పగలు టాయిలెట్ లేదా ప్యాడ్, రాత్రి కండోమ్ కాథెటర్, ఇలా కలిపి వాడుకునే ఇళ్ళు బాగానే నడుస్తున్నాయి.

పైపు తీసి చూసే రోజు

డాక్టర్ సరే అన్నాక పొద్దున్నే తీయించుకోండి. సాయంత్రం తీస్తే ఆగిపోయేది అర్ధరాత్రి, అప్పుడు ఎవర్ని లేపుతారు. తీసేవాళ్ళు బెలూన్‌లో నీళ్ళు సిరంజితో పూర్తిగా వెనక్కి తీశాకే లాగాలి, ఎన్ని మి.లీ. ఎక్కించారో అన్నీ రావాలి, కత్తెరతో పైపు కోయడం ఎప్పుడూ వద్దు. తర్వాత గంటకో గ్లాసు నీళ్ళు, అంతకంటే తొందరపడి బిందెలు తాగించొద్దు. టాయిలెట్‌లో గీతలున్న మగ్గు పెట్టండి, ప్రతిసారీ ఎంత పోశారో టైముతో సహా కాగితం మీద రాయండి. మొదట రెండుసార్లు మంట ఉంటుంది, అది మామూలే. పోశాక స్కానింగ్‌లో 100, 150 మి.లీ. లోపు మిగిలితే బాగా ఖాళీ అయినట్టే, 300 దాటితే డాక్టర్ మళ్ళీ ఆలోచిస్తారు. పైపు తీసి ఆరు గంటలు గడిచినా యూరిన్ రాకపోయినా, అంతకుముందే పొట్ట ఉబ్బి నొప్పి మొదలైనా ఆ కాగితం పట్టుకుని వెంటనే వెళ్ళిపోండి, అక్కడ మళ్ళీ ఫోలీ వేసేముందు "సీఐసీ మాకు కుదురుతుందా, మళ్ళీ తీసి చూసేది ఏ తేదీన" అని అడిగి ఆ తేదీ అదే కాగితం మీద రాయించుకోండి.